గుండె లయ బాగానే ఉంది, మరి కాళ్లెందుకు వాచాయి?

మా పెద్దమ్మకు పేస్‌మేకర్ పెట్టి ఆరేళ్లు దాటింది. అప్పట్లో ఆవిడ గుండె నిమిషానికి 36 సార్లు మాత్రమే కొట్టుకునేది. వంటింట్లో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది కూడా. పేస్‌మేకర్ పెట్టిన నెలకల్లా మళ్లీ గుడిదాకా నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. ఆ ఏడు ఆవకాయ కూడా తనే కలిపింది. ఏడాదికోసారి చెకప్‌కు వెళ్తే టెక్నీషియన్ ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి, కంప్యూటర్లో అంకెలు చూసి, "బ్యాటరీ ఇంకా చాలా ఏళ్లు వస్తుందమ్మా, అంతా బాగుంది" అని పంపించేవాడు.

నిరుడు సంక్రాంతికి వెళ్లినప్పుడు, "ఏమేవ్, ఈ చెప్పులు బిగుతైపోయాయే, సాయంత్రానికి పట్టీ అచ్చు పడిపోతోంది" అంది. నేను ఏదో అనేలోపే, "డెబ్భై దాటాక కాళ్లు వాయక ఏం చేస్తాయిలే" అని తనే జవాబు చెప్పుకుంది. నేనూ సరేనన్నాను. ఉగాది నాటికి కడుపు ఉబ్బరంగా ఉంటోందని, అన్నం సయించడం లేదని గ్యాస్ మాత్రలు వేసుకుంటోంది. వేసవిలో పేస్‌మేకర్ చెకప్‌కు వెళ్తే మళ్లీ అదే మాట, అంతా బాగుంది.

ఆ మాట అబద్ధమేమీ కాదు. యంత్రం నిజంగానే బాగుంది. దెబ్బతిన్నది ఆ యంత్రపు వైరు దాటి వెళ్లే కవాటం. యంత్రానికి చేసే పరీక్షలో కవాటం సంగతి తెలియదు. ఈ చిన్న తేడా మా ఇంట్లో అర్థమయ్యేసరికి ఏడు నెలలు గడిచాయి. పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఉన్నారు కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

కుడివైపు తలుపు

గుండెలో నాలుగు గదులు, నాలుగు కవాటాలు. ఎడమ సగం ఒళ్లంతటికీ రక్తాన్ని తోస్తుంది కాబట్టి పేరంతా దానిదే. కుడి సగం ఒంట్లోంచి తిరిగివచ్చిన రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపుతుంది. కుడి కర్ణికకూ కుడి జఠరికకూ నడుమ ఉన్న తలుపును మన ఇంటర్ పుస్తకాల్లో అగ్రత్రయ కవాటం అంటారు, డాక్టర్లు ట్రైకస్పిడ్ వాల్వ్ అంటారు. పేరులో ఉన్నట్టే దానికి మూడు రెక్కలు. ఒకటి ముందువైపు, ఒకటి వెనకవైపు. మూడోది గుండెను కుడి ఎడమలుగా విడదీసే గోడను ఆనుకుని ఉంటుంది, దాన్ని సెప్టల్ రెక్క అంటారు. రెక్కల అంచులను సన్నని స్నాయు రజ్జువులు కింద ఉన్న చిన్న కండరాలకు కట్టి ఉంచుతాయి. జఠరిక ముడుచుకున్నప్పుడు రెక్కలు గొడుగు తిరగబడ్డట్టు వెనక్కి తిరగకుండా ఆపేవి ఈ తాళ్లే.

నాలుగు కవాటాల్లో ఇదే పెద్దది. తెరుచుకున్నప్పుడు దాని వైశాల్యం సుమారు 7 నుంచి 9 చదరపు సెంటీమీటర్లు. అయితే దీని మీద పడే ఒత్తిడి తక్కువ. ఎడమ జఠరిక 120 మిల్లీమీటర్ల పాదరస మట్టం దగ్గర పనిచేస్తుంటే, కుడి జఠరిక గట్టిగా ముడుచుకున్నా 25 దగ్గరే ఆగుతుంది. అందుకే ఈ కవాటం పలుచగా, సుకుమారంగా ఉంటుంది. ఇది కాస్త కారినా మనిషికి వెంటనే తెలియదు. చాలాకాలం వైద్యులు కూడా దీన్ని పెద్దగా లెక్కచేయలేదు. గుండె వైద్యులే దీనికి 'మరచిపోయిన కవాటం' అని పేరు పెట్టారు.

వైరు ఈ దారి ఎందుకు పట్టింది?

పేస్‌మేకర్‌లో రెండు భాగాలు ఉంటాయి. బ్యాటరీ, ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉన్న చిన్న డబ్బా కాలర్ ఎముక కింద, చర్మం అడుగున ఉంటుంది. దాని నుంచి గుండెలోకి వెళ్లే వైరును డాక్టర్లు లీడ్ అంటారు. లోపల లోహపు తీగ చుట్టలు, పైన సిలికోన్ లేదా పాలీయురేథేన్ తొడుగు. లావు సుమారు 2 మిల్లీమీటర్లు.

మొట్టమొదటి అమరికలో ఈ కవాటం సమస్యే లేదు. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఆకె సెన్నింగ్ అనే సర్జన్ ఆర్నె లార్సన్ ఒంట్లో తొలి పేస్‌మేకర్‌ను అమర్చినప్పుడు, ఛాతీ తెరిచి తీగలను గుండె బయటి వైపున కుట్టారు. యంత్రాన్ని తయారుచేసింది రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజినీరు. దాన్ని పోత పోయడానికి బూట్ పాలిష్ డబ్బాను అచ్చుగా వాడారు. ఆ మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. కానీ లార్సన్ ఆ తర్వాత మరో పాతిక యంత్రాలు మార్చుకుంటూ 2001 దాకా బతికారు. తన ప్రాణం నిలబెట్టిన ఇంజినీరు కన్నా, సర్జన్ కన్నా ఆయనే ఎక్కువకాలం ఉన్నారు.

ప్రతి ఒక్కరికీ ఛాతీ కోయడం కుదిరే పని కాదు. అదే 1958లో న్యూయార్క్‌లోని మాంటెఫియోర్ ఆసుపత్రిలో సీమోర్ ఫర్మన్ మరో దారి చూపించారు. తీగను సిరలోంచి నెట్టి గుండె లోపలి గోడకు ఆనించి, బయట ఉన్న యంత్రంతో గుండెను నడిపించారు. కోత లేదు, ఛాతీ తెరవడం లేదు. ప్రపంచమంతా ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నది ఈ దారినే. భుజం దగ్గర సిరలోకి ఎక్కించిన వైరు పై మహాసిర గుండా కుడి కర్ణికలోకి దిగుతుంది. అక్కడి నుంచి కుడి జఠరికకు వెళ్లాలంటే ఉన్నది ఒక్కటే తలుపు, మనం చెప్పుకున్న అగ్రత్రయ కవాటం.

రెండు వైర్ల పేస్‌మేకర్‌లో ఒక వైరు కర్ణికలోనే ఆగిపోతుంది, దానికీ కవాటానికీ సంబంధం లేదు. రెండోదే తలుపు దాటుతుంది. ప్రమాదకరమైన లయ వచ్చినప్పుడు షాక్ ఇచ్చే ఐసీడీ పరికరం వైరూ ఇదే దారిలో వెళ్తుంది. అది ఇంకాస్త లావుగా, బిరుసుగా ఉంటుంది.

సందు చిన్నదే, కానీ...

ఫిజిక్స్ చదివిన అలవాటు కొద్దీ నేను మొదట వేసిన లెక్క ఇది. 2 మిల్లీమీటర్ల వైరు అడ్డుకోత వైశాల్యం సుమారు 3 చదరపు మిల్లీమీటర్లు. కవాటం 800 చదరపు మిల్లీమీటర్లు. అంటే వైరు ఆక్రమించేది అర శాతం కూడా కాదు. ఇంత తక్కువ చోటు తీసుకుంటే తలుపుకు వచ్చే నష్టమేమిటి?

లెక్క సరైనదే, నేను అడిగిన ప్రశ్నే తప్పు. ఇంటి తలుపు గుమ్మంలో ఒక తాడు పడి ఉందనుకోండి. తాడు లావు ఎంత అన్నది ముఖ్యం కాదు, ఎక్కడ పడింది అన్నది ముఖ్యం. రెండు రెక్కలు కలిసే మూలలో ఉంటే రెక్కలు దాని చుట్టూ సర్దుకుని మూసుకుంటాయి. ఒక రెక్క నడుమ ఆనుకుని దాన్ని గోడకు అదిమి పెడితే ఆ రెక్క ఇక కదలదు. అప్పుడు మిగతా రెండూ ఎంత సాగినా మధ్యలో సందు మిగిలిపోతుంది. ఆ సందు వైరంత ఉండదు, దాని కన్నా ఎన్నో రెట్లు పెద్దది. డాక్టర్ల కొలమానం ప్రకారం కారే రంధ్రం 40 చదరపు మిల్లీమీటర్లకు చేరితే తీవ్రమైన లీకు. గుండ్రంగా ఊహించుకుంటే అది 7 మిల్లీమీటర్ల రంధ్రం. వైరు అడ్డుకోతకు పదమూడు రెట్లు.

తీవ్రమైన లీకులో ఒక్కో కొట్టుకోవడానికి 45 మిల్లీలీటర్లు, అంతకన్నా ఎక్కువ రక్తం వెనక్కి పోతుంది. గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. గుణిస్తే రోజుకు 4,500 లీటర్లు. వేసవిలో మన వీధుల్లోకి వచ్చే చిన్న నీళ్ల ట్యాంకరు దాదాపు నిండుతుంది. అదంతా గుండె రెండోసారి తోయాల్సిన రక్తం.

వైరు రెక్కను పాడుచేసే తీరు ఒకటి కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2005లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ విషయంలో బాగా ఉపయోగపడుతుంది. ఎందుకంటే అది స్కానింగుల మీద ఊహించి రాసింది కాదు. వైర్ల వల్ల కవాటం తీవ్రంగా కారుతున్న 41 మందికి ఆపరేషన్ చేసినప్పుడు సర్జన్లు కళ్లారా చూసిన విషయాలు అందులో ఉన్నాయి. 16 మందిలో వైరు రెక్కకు అడ్డంపడి దాన్ని కదలనివ్వడం లేదు. 14 మందిలో వైరు రెక్కకు అతుక్కుపోయింది. ఏడుగురిలో రెక్కను చీల్చుకుని అవతలికి వెళ్లింది. నలుగురిలో కింది తాళ్లలో చిక్కుకుంది.

వీటిలో అతుక్కుపోవడం గురించి కాస్త ఆగి ఆలోచించాలి. రెక్కను చీల్చడం, తాళ్లలో చిక్కుకోవడం వైరు పెట్టే రోజునే జరగవచ్చు. అతుక్కోవడం మాత్రం నెలల మీద, ఏళ్ల మీద సాగే పని. మన ఒంటికి వైరు పరాయి వస్తువు. దాన్ని బయటికి తోయలేక శరీరం దాని చుట్టూ గట్టి కణజాలపు తొడుగు అల్లుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వైరు వంగి లేస్తుంది. పదేళ్లలో అలా వంగేది దాదాపు 37 కోట్ల సార్లు. రెక్క మీద ఒకేచోట ఇన్నిసార్లు రాసుకుంటే అక్కడ మచ్చకట్టి, రెక్కా వైరూ ఒకే తొడుగులోకి వచ్చేస్తాయి. రెక్కల్లో ఎక్కువగా దెబ్బతినేది సెప్టల్ రెక్క. వైరు కర్ణిక నుంచి వంపు తిరిగి జఠరికలోకి దిగేటప్పుడు తరచుగా ఆ గోడవైపే ఒరుగుతుంది.

అన్ని లీకులకూ వైరే కారణమా?

కాదు. ఇక్కడ డాక్టర్లు కూడా తడబడతారు. పేస్‌మేకర్ ఉన్న మనిషికి ఈ కవాటం కారుతోందంటే, వైరు దాన్ని పట్టుకుని ఉండవచ్చు, లేదా వైరు ఏ పాపమూ ఎరగకుండా పక్కన ఉండవచ్చు. ఏళ్ల తరబడి కర్ణికలు అదుపు లేకుండా అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే కుడి కర్ణిక సాగుతుంది, దాంతో తలుపు చట్రమే వెడల్పవుతుంది. ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగినా, ఎడమవైపు కవాటాలు పాడైనా, కుడి జఠరిక ఉబ్బి రెక్కలు ఒకదానికొకటి అందవు. చట్రం పెరిగిపోయాక కొత్త రెక్కలు తెచ్చినా సందు పూడదు.

నడిమధ్య కారణం ఇంకొకటుంది. కుడి జఠరిక నుంచి పేస్‌మేకర్ మొదలుపెట్టిన విద్యుత్తు సహజమైన తీగల దారిలో కాకుండా కండరం గుండా మెల్లగా పాకుతుంది. ఎడమవైపు కొంచెం ఆలస్యంగా కదులుతుంది. ఇలా ఏళ్లపాటు నడిస్తే కొందరిలో గుండె ఆకారం మారి కవాటం కారడం మొదలవుతుంది. అంటే తప్పు పేస్‌మేకర్‌దే అయినా వైరు రెక్కను తాకి ఉండదు. ఈ తేడా తెలియకుండా వైరును పీకేస్తే లాభం ఉండదు.

పేస్‌మేకర్ తర్వాత ఎంతమందికి ఈ లీకు కొత్తగా వస్తుంది లేదా పెరుగుతుంది అంటే, అధ్యయనాల జవాబులు పది శాతం లోపు నుంచి నలభై శాతం పైదాకా ఉన్నాయి. ఇంత తేడా ఎందుకంటే ఒకరు ఎకోలో కొద్దిగా పెరిగినా లెక్కేశారు, ఇంకొకరు తీవ్రమైనవే లెక్కేశారు. వైరు నిజంగా కారణమా కాదా అని అందరూ విడదీసి చూడలేదు. నా ఉద్దేశంలో ఇక్కడ ఒక్క అంకెను పట్టుకుని భయపడటం గానీ ధీమాగా ఉండటం గానీ సరికాదు. వైరు ఉన్నవాళ్లలో చాలామందికి కవాటం ఇబ్బంది లేకుండానే జీవితం గడిచిపోతుంది. గుండె ఆగిపోయే మనిషికి పేస్‌మేకర్ వద్దనుకోవడానికి ఇది కారణం కానే కాదు.

ఎందుకు దొరకదు?

పేస్‌మేకర్ చెకప్‌లో కొలిచేవన్నీ విద్యుత్ విషయాలు. బ్యాటరీ వోల్టేజీ ఎంత, వైరు నిరోధం ఎంత, గుండె కండరం కదలడానికి కనీసం ఎంత వోల్టేజీ కావాలి, గుండె సొంత సంకేతాలు యంత్రానికి వినపడుతున్నాయా. వైరు కొన కండరంలో సరిగ్గా గుచ్చుకుని ఉంటే ఇవన్నీ చక్కగా వస్తాయి. కవాటాన్ని అదిమేది కొన కాదు, మధ్యలో తొడుగు ఉన్న భాగం. అక్కడ విద్యుత్తు బయటికి రాదు. కాబట్టి రెక్క పూర్తిగా బిగుసుకుపోయినా కంప్యూటర్ తెర మీద ఒక్క అంకె కూడా మారదు. మా పెద్దమ్మను ఏటా పరీక్షించిన టెక్నీషియన్ తన పనిలో ఏ లోపమూ చేయలేదు. కవాటం సంగతి చూడమని ఆయన్ని ఎవరూ అడగలేదు, అంతే.

మరి స్టెతస్కోపు? లీకు అంటే గుండెలో హోరు వినిపిస్తుందని అనుకుంటాం. ఇక్కడ ఒక తమాషా ఉంది. కవాటం గుండా వెనక్కి చిమ్మే రక్తం వేగాన్ని నిర్ణయించేది రెండు గదుల మధ్య ఒత్తిడి తేడా. ఎకో గదుల్లో రోజూ వాడే సూత్రం చాలా చిన్నది: వేగం వర్గాన్ని నాలుగుతో గుణిస్తే ఒత్తిడి తేడా వస్తుంది. వేగం సెకనుకు మీటర్లలో, ఒత్తిడి మిల్లీమీటర్ల పాదరసంలో. పద్దెనిమిదో శతాబ్దంలో బెర్నూలీ చెప్పిన సూత్రాన్ని రక్తానికి సరిపోయేలా కుదించారు. జఠరికలో 25, కర్ణికలో 5 ఉంటే తేడా 20, వేగం సెకనుకు 2.2 మీటర్లు. లీకు పెరిగి వెనక్కి వచ్చిన రక్తంతో కర్ణిక ఒత్తిడి 15కు చేరిందనుకోండి. తేడా 10కి పడిపోతుంది, వేగం 1.6కు దిగుతుంది. సన్నని రంధ్రంలోంచి జోరుగా చిమ్మే ధార ఈల వేస్తుంది, వెడల్పాటి గండిలోంచి వచ్చే నీరు నిశ్శబ్దంగా పారుతుంది. అలాగే లీకు మరీ పెద్దదైతే హోరు తగ్గిపోవచ్చు, అసలు వినపడకపోనూవచ్చు.

ఈ హోరు ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పెరుగుతుందని 1946లో మెక్సికో వైద్యుడు రివెరో కార్వాయో గమనించారు. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి, కుడివైపుకు రక్తం ఎక్కువగా చేరుతుంది. లీకు కాసేపు పెరుగుతుంది. స్టెతస్కోపు పెట్టి "గట్టిగా ఊపిరి పీల్చండి" అని ఆగి వినే డాక్టరు ఇంకా ఉన్నారంటే వాళ్లకు దణ్ణం పెట్టాలి.

ఇక ఎకో. శబ్ద తరంగాలు మెత్తటి కణజాలంలో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో వెళ్లి, అడ్డం వచ్చిన వాటిని తాకి వెనక్కి వస్తాయి. పేస్‌మేకర్ వైరు వాటిని అమితంగా తిప్పికొడుతుంది. సినిమా హాల్లో ప్రొజెక్టరు ముందు వేలు పెట్టినట్టు, వైరు వెనక ఉన్న భాగమంతా నీడలో పడుతుంది. చూడాల్సిన రెక్క ఆ నీడలోనే ఉండవచ్చు. మేయో క్లినిక్ 41 మందిలో ఆపరేషన్‌కు ముందు ఛాతీ మీంచి చేసిన మామూలు ఎకోలో లీకు తీవ్రమని 26 మందిలోనే తేలింది. దానికి వైరే కారణమని పట్టుకోగలిగింది ఐదుగురిలో. ఆ తర్వాత వచ్చిన త్రీడీ ఎకోలో కవాటాన్ని పైనుంచి, మూడు రెక్కలూ ఒకేసారి కనబడేలా చూడొచ్చు. వైరు ఏ రెక్క మీద వాలిందో, ఆ రెక్క కదులుతోందో లేదో అందులో తెలుస్తుంది. అవసరమైతే అన్నవాహిక గుండా గొట్టం దింపి గుండె వెనక నుంచి చూస్తారు.

లక్షణాలు కూడా మోసం చేసేవే. ఎడమ గుండె దెబ్బతింటే ఆయాసం వస్తుంది, మనిషి హడావుడిగా ఆసుపత్రికి పరుగెత్తుతాడు. కుడివైపు కారితే రక్తం వెనక్కి, సిరల్లోకి తన్నుకొస్తుంది. పాదాలు వాస్తాయి. కాలేయం ఉబ్బి కుడి డొక్కలో బరువుగా ఉంటుంది. కడుపులో నీరు చేరుతుంది, ఆకలి పోతుంది. మెడ సిరలు ఉబ్బి కొట్టుకుంటూ కనిపిస్తాయి. ఇవన్నీ మెల్లగా వస్తాయి. ఒక్కొక్కదానికీ మన దగ్గర ఒక సిద్ధ సమాధానం ఉంటుంది, వయసు, గ్యాస్, మోకాళ్లు, ఉప్పు.

దొరికాక ఏం చేస్తారు?

వైరే కారణమైతే తీసేస్తే సరిపోతుంది కదా అని మా ఇంట్లో అందరం అడిగాం. వైరు పెట్టిన కొద్ది నెలల్లో అయితే అది చాలామటుకు తేలిక. ఏడాది దాటాక కథ మారుతుంది. అప్పటికి సిరలోనూ గుండెలోనూ వైరు చుట్టూ తొడుగు గట్టిపడి ఉంటుంది. దాన్ని విడదీయడానికి లేజరుతోనో, తిరిగే అంచుతోనో పనిచేసే ప్రత్యేక గొట్టాలు కావాలి. ఆ పనిలో సిర చిరగవచ్చు, గుండెకు రంధ్రం పడవచ్చు. అన్నిటికన్నా చేదు సంగతి, రెక్కకు అతుక్కున్న వైరును లాగితే రెక్కే చిరిగి లీకు ఇంకా పెరగవచ్చు. పైగా చట్రం ఇప్పటికే సాగిపోయి ఉంటే వైరు పోయినా లీకు ఉంటుంది. అనుభవమున్న కేంద్రాల్లోనే, అదీ గుండె సర్జన్ సిద్ధంగా ఉండగానే చేయాల్సిన పని ఇది.

అందుకే మొదట ఒంట్లో చేరిన నీటిని తగ్గించే మాత్రలు, ఉప్పు తగ్గించడం, లయ సరిచూడడం. అవి చాలకపోతే ఆపరేషన్ చేసి రెక్కను విడిపించడం, చట్రాన్ని బిగించడం, కుదరకపోతే కవాటం మార్చడం. కుడి జఠరిక, కాలేయం బాగా దెబ్బతిన్నాక చేస్తే ఫలితం తగ్గుతుంది కాబట్టి ఎప్పుడు అన్నది ఎలా అన్నంత ముఖ్యం. కాలి సిర గుండా వెళ్లి రెక్కలను క్లిప్పుతో కలిపే పద్ధతికీ, కొత్త కవాటాన్ని పెట్టే పద్ధతికీ 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. కానీ వైరు ఒక రెక్కను గట్టిగా పట్టుకుని ఉంటే క్లిప్పు వేయడం కష్టం.

అసలు తలుపు దాటకుండా పోలేమా అని ఇంజినీర్లు ఆలోచించకపోలేదు. వైరే లేని పేస్‌మేకర్ 2016లో అమెరికాలో అనుమతి పొందింది. మందు క్యాప్సూల్ కన్నా కాస్త పెద్దది, బరువు 2 గ్రాములు. కాలి సిర గుండా తీసుకెళ్లి కుడి జఠరిక గోడకు కొక్కేలతో తగిలిస్తారు. పెట్టేటప్పుడు గొట్టం కవాటం దాటుతుంది, తర్వాత అక్కడ ఏదీ మిగలదు. సమస్య తీరిపోయిందనుకున్నారు. కొన్ని అధ్యయనాలు ఇవి పెట్టినవాళ్లలోనూ కొందరికి లీకు పెరిగిందని చూపించాయి. కవాటానికి మరీ దగ్గరగా గోడకు తగిలిస్తే కింది తాళ్లకు రాసుకోవచ్చు. కుడి జఠరిక నుంచి నడిపించడం వల్ల వచ్చే ఇబ్బంది ఎలాగూ ఉంటుంది. ధర కూడా మామూలు పేస్‌మేకర్ కన్నా చాలా ఎక్కువ.

గుండె సొంత విద్యుత్ తీగలకే వైరును కలిపే పద్ధతి ఇప్పుడు మన దేశంలోనూ బాగా సాగుతోంది. దానితో రెండు జఠరికలూ ఇంచుమించు సహజంగా కదులుతాయి. అయినా ఆ వైరు చాలామందిలో ఈ తలుపు దాటే వెళ్తుంది. కవాటాన్ని పూర్తిగా తప్పించే దారి గుండె వెనక ఉండే కరోనరీ సైనస్ అనే సిర. దాని నోరు కర్ణికలోనే ఉంటుంది కాబట్టి తలుపు దాటే పనిలేదు, అక్కడి నుంచి ఎడమ జఠరికను నడపవచ్చు. కానీ వైరు అందులో నిలకడగా కూర్చోవడం, తగిన కొమ్మ దొరకడం అందరిలో కుదరదు. కవాటం ఇప్పటికే చెడి కొత్తది పెట్టినవాళ్లకు డాక్టర్లు తరచుగా ఈ దారే చూస్తారు.

జ్వరం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. వైరు మీద బ్యాక్టీరియా చేరితే అది కవాటానికీ పాకుతుంది. పేస్‌మేకర్ ఉన్న మనిషికి కారణం తెలియని జ్వరం రోజుల తరబడి వస్తుంటే, మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసేయకండి. ముందు రక్తాన్ని కల్చర్ పరీక్షకు ఇవ్వాలి. రెండు మాత్రలు పడ్డాక చేస్తే క్రిమి దొరకకపోవచ్చు. డబ్బా ఉన్నచోట ఎర్రబడినా, చర్మం పలచబడి లోపలిది కనిపిస్తున్నట్టున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్‌ఫెక్షన్ అని తేలితే మాత్రం వైరు పాతదైనా సాధారణంగా తీయక తప్పదు.

మా పెద్దమ్మ విషయానికి వస్తే, ఎకో చేయమని అడిగింది మేమే. పేస్‌మేకర్ పెట్టకముందు తీసిన ఎకో రిపోర్టు అదృష్టవశాత్తూ బీరువాలో పట్టుచీరల కింద దొరికింది. అందులో ఈ లీకు 'స్వల్పం' అని ఉంది. కొత్త రిపోర్టులో 'తీవ్రం'. రెండూ పక్కపక్కన పెట్టేసరికి డాక్టరు త్రీడీ ఎకోకు రాశారు. వైరు సెప్టల్ రెక్క మీద వాలి ఉందని, రెక్క కదలడం లేదని తేలింది. పాత రిపోర్టు లేకపోతే ఇది ముందునుంచీ ఉన్నదో, వైరు తర్వాత వచ్చిందో చెప్పడం కష్టమయ్యేదని ఆయనే అన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ పెట్టబోతుంటే ముందు ఎకో తీయించి ఆ కాగితం దాచండి. పెట్టాక కొన్ని నెలలకు ఇంకోటి తీయాలా అని అడగండి. కాళ్ల వాపో, కడుపు ఉబ్బరమో కొత్తగా వస్తే "యంత్రం ఎలా ఉంది" అని కాకుండా, "వైరు దాటే కవాటం ఎలా ఉంది" అని అడగండి.

వైరు తీయాలా వద్దా అన్న విషయంలో ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారు. ఆవిడ గుండె ఇప్పుడు పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడి ఉంది, వైరు ఆరేళ్లది. కుడి జఠరిక ఇంకా బలంగానే ఉంది. ప్రస్తుతానికి మాత్రలతో చూసి, ఆరు నెలలకు మళ్లీ ఎకో చేసి నిర్ణయిద్దామన్నారు. ఒంట్లో లీటరు నీరు చేరితే కిలో బరువు పెరుగుతుంది కాబట్టి రోజూ పొద్దున్నే బరువు చూసుకోమని, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయమని చెప్పారు. వంటింటి గోడకున్న క్యాలెండర్‌లో, పాల లెక్క పక్కనే, పెద్దమ్మ ఆ అంకె రాస్తోంది. నిన్న ఫోన్ చేస్తే 58.4 అని చెప్పి, "చెప్పులు మళ్లీ వదులయ్యాయే" అంది.